పదకొండు సెకన్ల ముల్లు

ఉదయం ఎనిమిదిన్నరకి శాటిలైట్ ఫోన్ మోగింది.

"పెద్దమ్మ ఇంట్లో కాఫీ అయిపోయింది," అంది అవతలి గొంతు.

యాల్మరి రౌతియో చేతిలోని రొట్టెముక్క కింద పెట్టేశాడు. ఫిన్లాండ్ గూఢచారి శాఖ కోడ్ పుస్తకంలో అంతకన్నా పెద్ద ప్రమాద హెచ్చరిక లేదు. కాఫీ అయిపోవడం కన్నా ఘోరమైన సంగతి ఆ దేశంలో ఎవరి ఊహకీ అందదు కాబట్టి, ఆ పుస్తకం రాసినవాడు దాన్నే ఎంచుకున్నాడు.

"పాలైనా ఉన్నాయా?" అన్నాడు రౌతియో, జవాబు కోడ్ ప్రకారం.

"అవీ విరిగిపోయాయి. ఇక విను." ఫోన్లో ఉన్నది కల్నల్ పెల్టోమా. రాజధానిలో వెచ్చటి గదిలో కూర్చుని ఉత్తరాన గడ్డకట్టేవాళ్ళకి ఆర్డర్లు వేయడం ఆయన ఉద్యోగం. "తౌనో హిర్విసారి నిన్న స్కీల మీద వస్తూ చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఎలాగో దేక్కుంటూ ఏడో నంబరు గుడిసెకి చేరాడు. పొయ్యిలోకి నాలుగు కట్టెలు మిగిలాయిట. ఆ మాట చెప్పాక రేడియో బ్యాటరీ చచ్చిపోయింది. అతని బుర్రలో ఏడు పేర్లున్నాయి. మన రాడార్ స్టేషన్లలో జీతం తీసుకుంటూ పరాయివాళ్ళకి పనిచేస్తున్న ఏడుగురు. కాగితం మీద ఒక్క పేరూ లేదు. మనిషి పోతే అన్నీ పోయినట్టే."

"హెలికాప్టర్ పంపకూడదా సార్?"

"ఆ చప్పుడుకి ఆ ఏడుగుర్ని నడిపే ముఠావాళ్ళు వెనకాలే వస్తారు. ఆ కొండల్లో తొమ్మిది గుడిసెలున్నాయి. అతనెందులో ఉన్నాడో వాళ్ళకింకా తెలీదు. నీకూ నాకూ మాత్రమే తెలుసు. పన్నెండులోగా అతన్ని ప్రాణాలతో దించు."

"మరి ఈ ఇంట్లోనే ఉన్న మన వివేకా గారికి?"

"ఆవిడకీ చెప్పకు. రూలు రూలే."

ఫోన్ పెట్టేసి రౌతియో వర్క్‌షాపుకి పరిగెత్తాడు. ఈ పిలుపు కోసమే అతను మూడు రోజులుగా కిల్పిస్‌యార్వి సరస్సు ఒడ్డున, జింకల మందలు మేపుకునే ఎల్లె-మారెట్ అనే ముసలావిడ ఇంట్లో మకాం వేశాడు. ఆవిడకి తప్ప ఊళ్ళోవాళ్ళందరి దృష్టిలో అతను పాడైన స్నోమొబైళ్ళు కొనుక్కోవడానికొచ్చిన బేరగాడు. అతని సొంత స్నోమొబైల్ మాత్రం టర్బో పెట్టిన రాక్షసి. నూట తొంభై గుర్రాల బలం. ఏడో గుడిసె ఉన్న ఉత్తరపు వాలు నిట్టనిలువుగా ఉంటుంది, మంచు నడుంలోతు. మామూలు బండి సగం ఎక్కి కూరుకుపోతుంది.

స్టార్ట్ చేసి వర్క్‌షాపు వెనకున్న దిబ్బ మీదికి ఒక్క ఊపున ఎక్కించాడు. బూస్ట్ గేజ్ వంక చూశాడు. అంతే, ముఖం మాడిపోయింది.

టర్బో ఇంజనులోకి గాలిని ఎంత బలంగా తోస్తోందో చెప్పేదే ఆ గేజ్. ముల్లు ఎనిమిది పౌండ్ల దగ్గర నిలబడాలి. పది దాటితే పిస్టన్ కరిగిపోతుంది. అయిదుకి పడిపోతే బండి కొండెక్కదు. నిన్నటిదాకా బుద్ధిగా ఉన్న ఆ ముల్లు ఇప్పుడు నాలుగుకీ తొమ్మిదికీ మధ్య చలిజ్వరం వచ్చినట్టు వణికిపోతోంది.

"నీ దుంపతెగ! ఇవాళే దొరికిందా నీకు?" అన్నాడు రౌతియో గేజ్‌తో.

ఎల్లె-మారెట్ తలుపు దగ్గరికొచ్చింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. చుట్టుపక్కల మందలవాళ్ళ బళ్ళన్నీ ఆవిడ చేతుల్లోనే బతుకుతాయి. "ఏంట్రా అబ్బాయ్, పొద్దున్నే ఎవర్ని తిడుతున్నావ్?"

"ముల్లు నిలబడ్డం లేదు పెద్దమ్మా."

"నిలబడకపోతే పడుకోనీ. బయల్దేరు. పదకొండు దాటితే మంచు పైపొర మెత్తబడుతుంది."

"అలా బయల్దేరే కదా..." అని ఆగిపోయాడు. ఆవిడకి తెలుసు. రెండేళ్ళ కిందట ఇలాగే ఒక ముల్లు వణికింది. వణకనీలే అని తోలాడు. పిస్టన్ కరిగి బండి ఆగిపోయింది. నాలుగు కిలోమీటర్ల అవతల అతని కోసం కాచుకున్న సెల్మా అనే టెలిఫోన్ ఆపరేటర్ చలికి కొయ్యబారిపోయి దొరికింది. అతను నడిచి వెళ్ళేసరికి ఆమె చేతిలో టార్చిలైటు ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ వెలుగుని అతను ఇప్పటికీ క్షమించలేదు, తనని తానూ క్షమించుకోలేదు.

ఎల్లె-మారెట్ చొక్కా చేతులు మడిచింది. "బానెట్ విప్పు. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు కలిపి మార్చావంటే చెయ్యి విరగ్గొడతాను."

ముందు గొట్టాలు చూశారు. ఇంజను నుంచి గేజ్ సెన్సరుకి వెళ్ళే సన్న గొట్టంలోకి సైకిల్ పంపుతో గాలి కొట్టి, కారు అద్దాలు తుడిచే ద్రవంలో సబ్బు కలిపి పూశారు. మామూలు నీళ్ళయితే ఆ చలికి బ్రష్షు మీదే గడ్డకడతాయి. మూడు దారులు కలిసే జాయింటు దగ్గర బుడగలు పొంగాయి.

"దొరికింది దొంగ!" అని రౌతియో ఎగిరి గంతేసినంత పని చేశాడు. జాయింటు మార్చాడు, క్లిప్పు బిగించాడు, దిబ్బ ఎక్కించాడు.

ముల్లు వణికింది.

అప్పటికి తొమ్మిదీ పది. వేడివేడి కాఫీ ఫ్లాస్కుతో వివేకా లిండ్‌రూస్ లోపలికొచ్చింది. హెల్సింకి నుంచి వచ్చిన లియేజాన్ ఆఫీసరు ఆమె. తెల్ల స్కీ సూటు, నక్కబొచ్చు కాలరు, మైనస్ ఇరవై డిగ్రీల్లో కూడా చెదరని ఎర్ర లిప్‌స్టిక్. అయిదు భాషలు తడుముకోకుండా మాట్లాడుతుంది. ఆమె గదిలోకొస్తే మగవాళ్ళు సాధారణంగా పొట్ట లోపలికి పీల్చుకుంటారు. రౌతియోకి ఆ ఉదయం అంత తీరిక లేదు.

"ఇంకా బయల్దేరలేదా యాల్మరీ? ఒక మనిషి అక్కడ చచ్చిపోతుంటే ఇక్కడ మీరు సబ్బు బుడగలు ఊదుకుంటున్నారా?"

"గేజ్ సరిగ్గా లేదు మేడమ్."

"దాని మీద టేపేసి కప్పేయండి. కనపడకపోతే కంగారుండదు. ఎటువైపు వెళ్తున్నారు, ఉత్తరమా, పడమరా?"

"పైకి," అన్నాడు రౌతియో.

ఆమె నవ్వి, ఫ్లాస్కునీ ఒక దాల్చినచెక్క బన్నునీ బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయింది. వెంటనే కల్నల్ ఫోను. "గేజ్ లేకపోతే బండి నడవదా రౌతియో? మా నాన్న కాలంలో గేజ్‌లున్నాయా?"

"మీ నాన్నగారి కాలంలో టర్బోలు లేవు సార్."

"వెటకారమా?"

"లేదు సార్. వివరం."

ఫోన్ పెట్టేశాక రౌతియో పానా విసిరి గోడకేసి కొట్టాడు. ఎల్లె-మారెట్ దాన్ని ఏరి తెచ్చి మళ్ళీ అతని చేతిలోనే పెట్టింది. అతనికి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఏడో గుడిసెలో పొయ్యి కళ్ళముందు కనపడుతోంది. ఈపాటికి మూడో కట్టె కాలుతూ ఉంటుంది.

రెండోది, గొట్టంలో తేమ గడ్డకట్టిందేమో అనుకున్నారు. గొట్టం మొత్తం పీకి కొత్తది వేశారు. దిబ్బ ఎక్కించాడు. వణికింది. మూడోది, ఇంజను దడదడకి గాలి కూడా దడదడలాడి ముల్లుని ఊపుతోందేమో అన్నది ఎల్లె-మారెట్ అనుమానం. పాత కార్బ్యురేటర్లోంచి సూదిబెజ్జం ఉన్న ఇత్తడి జెట్ ఒకటి తీసి గొట్టం లోపల దూర్చింది. ఆ చిన్న బెజ్జంలోంచి గాలి తొందరపడకుండా నడవాలన్నమాట.

ఈసారి దిబ్బ ఎక్కుతుంటే వణుకు ఆగిపోయింది. ఎనిమిది దగ్గర ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది. రౌతియో ఛాతీలోంచి పెద్ద ఊపిరి బయటికొచ్చింది. అది పూర్తిగా రాకముందే ముల్లు ఠక్కున ఆరుకి పడి, మళ్ళీ ఎనిమిదికి లేచింది. కాసేపటికి మళ్ళీ పడింది.

కిందికి దిగి బండి ఆపి, తల హ్యాండిల్ మీద ఆన్చేశాడు. "నావల్ల కాదు పెద్దమ్మా. దీన్ని సరస్సులో తోసేస్తాను. నేనూ దూకుతాను."

"దూకడానికి ముందు గెడ్డపారతో ఐసు పగలగొట్టాలి, అంత టైము లేదు. ఇప్పుడు వణుకుతోందా, పడుతోందా?"

"పడుతోంది. పడి లేస్తోంది."

"ఎంతసేపటికోసారి?"

అతను మళ్ళీ దిబ్బ ఎక్కించి వాచీ చూశాడు. పదకొండు సెకన్లు. మళ్ళీ పదకొండు. మళ్ళీ పదకొండు. ఎక్సిలరేటర్ ఎక్కువ తిప్పినా, తక్కువ తిప్పినా పదకొండే.

ఎల్లె-మారెట్ మొహం చిట్లించింది. "గాలికి లెక్కపెట్టడం ఎప్పుడొచ్చిందిరా? ఇంజను ఆపు. తాళం మాత్రం తిప్పి ఉంచు."

ఇంజను ఆగింది. గాలి లేదు, దడ లేదు. గేజ్ దీపం మాత్రం వెలుగుతోంది. ముల్లు సున్నా మీద పడుకుంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. పదకొండో సెకనులో ముల్లు చిన్నగా ఎగిరిపడింది.

"వెధవా! ఈ పని మొదటే చెయ్యాల్సింది," అంది ఎల్లె-మారెట్. "నువ్వొక వెధవ్వి, నేనింకో వెధవని. గంటన్నర గొట్టాలు పట్టుకుని వేళ్ళాడాం. ఇది గాలి జబ్బు కాదు, కరెంటు జబ్బు."

డాష్‌బోర్డు విప్పారు. గేజ్‌కి వచ్చే కరెంటు వైరుకి ఒక పక్కవైరు అతికించి ఉంది. దాని చివర అగ్గిపెట్టెంత నల్లటి డబ్బా. రౌతియోకి చూడగానే తెలిసింది. అది ట్రాన్స్‌మిటర్. పదకొండు సెకన్లకోసారి బండి ఎక్కడుందో ఆకాశంలోకి కబురు పంపుతోంది. పంపిన ప్రతిసారీ కొంచెం కరెంటు లాగేసుకుంటోంది, గేజ్ ఉలిక్కిపడుతోంది.

ముల్లు సంగతి వదిలేసి పొద్దున్నే బయల్దేరి ఉంటే, ముఠాని తనే వేలు పట్టుకుని ఏడో గుడిసె తలుపుదాకా తీసుకెళ్ళి ఉండేవాడు.

"ఈ టేపు నాది కాదు," అంది ఎల్లె-మారెట్, వైరుకి చుట్టిన టేపుని గోటితో గీకుతూ. "ప్లాస్టిక్‌ది. ఈ చలికి పెచ్చులూడిపోతుంది. ఇక్కడివాళ్ళెవరూ వాడరు, గుడ్డ టేపే చుడతాం. పెట్టినవాళ్ళు ఊరివాళ్ళు కాదు."

"కానీ ఎప్పుడు పెట్టారు? నిన్న సాయంత్రం దాకా బండి పక్కనే ఉన్నాను నేను."

"ఆవిరిస్నానానికి వెళ్ళినప్పుడో?"

"అప్పుడు తలుపుకి చీపురు ఆనించాను కదా!"

అది ఆ ప్రాంతపు తాళం. తలుపుకి చీపురు అడ్డంగా ఆనించి ఉంటే లోపల ఎవరూ లేరని అర్థం. ఎవరూ లేని చోటికి వెళ్ళడం అక్కడ ఎవరికీ తట్టదు. ఉత్తరాన పుట్టిన గూఢచారి కూడా ట్రైనింగులో తాళాల గురించి ఆరు నెలలు చదువుకుని, ఇంటికి రాగానే చీపురు మీద నమ్మకం పెట్టుకుంటాడు. రౌతియో నుదురు కొట్టుకున్నాడు.

ఎల్లె-మారెట్ ఉన్నట్టుండి అంది, "ఒరే, నిన్న మొదట ఆడవాళ్ళం, నేనూ వివేకా, స్నానానికి వెళ్ళాం. నువ్వు వంటింట్లో చేపలు వేయిస్తున్నావ్. ఆవిడ మొదటి ఆవిరికే ఉక్కపోస్తోందని తువ్వాలు చుట్టుకుని బయటికెళ్ళింది, చల్లబడ్డానికి. అందరం వెళ్తాం కదా, నేనేమీ అనుకోలేదు."

"ఎంతసేపు చల్లబడింది?"

"ఇరవై నిమిషాలు."

మైనస్ ఇరవై రెండులో తువ్వాలుతో ఇరవై నిమిషాలు. హెల్సింకి సుకుమారి.

రౌతియో బైనాక్యులర్స్ తీసి సరస్సు వైపు చూశాడు. ఐసుకి బెజ్జం వేసి, డబ్బాల మీద కూర్చుని చేపలు పడుతున్న ఇద్దరు మగవాళ్ళు కనిపించారు. పక్కన రెండు స్నోమొబైళ్ళు. "వాళ్ళెవరు పెద్దమ్మా?"

"ఎవరో దద్దమ్మలు. మూడ్రోజుల్నించీ అక్కడే. ఆ చోట మోకాలిలోతు నీళ్ళు, అడుగున బండరాళ్ళు. చేప కాదు కదా, చేప దెయ్యం కూడా రాదు."

కల్నల్‌కి రౌతియో చెప్పింది నాలుగు ముక్కలు. కల్నల్ మొదటిసారిగా వాదించకుండా, "సరిహద్దు గార్డులు ఎంతమంది కావాలి?" అని మాత్రం అడిగాడు.

పదీ నలభైకి ఎల్లె-మారెట్ తన పాత బండి స్టార్ట్ చేసింది. నల్లడబ్బా దాని బ్యాటరీకి తగిలించి ఉంది. దారి ఆమెకి కంఠతా వచ్చు, దక్షిణాన ఆరు కిలోమీటర్ల దూరంలో జింకల్ని పట్టే దొడ్డి. ఆ దొడ్డికి కంచెలు వెడల్పుగా మొదలై, పోనుపోను ఇరుకై, చివరికి గుండ్రటి ఆవరణలో తేలతాయి. లోపలికి వెళ్ళడం హాయిగా ఉంటుంది. బయటికి దారుండదు. అయిదు నిమిషాల తర్వాత సరస్సు మీది జాలర్లిద్దరూ గాలాలు వదిలేసి అటే బయల్దేరారు.

రౌతియో ఉత్తరానికి తోలాడు. కొండపాదం చేరేసరికి పదకొండున్నర. ముల్లు ఎనిమిది దగ్గరే ఉంది, పడలేదు, లేవలేదు. ఆ ఉదయం మొదటిసారి అతనికి ఎవర్నీ తిట్టాలనిపించలేదు. అప్పుడే వెనకనుంచి ఇంకో ఇంజను చప్పుడు వినిపించింది.

వివేకా. ఆమె తెలివితక్కువది కాదు. చేతిలోని తెరమీద చుక్క దక్షిణానికి పోతుంటే, కిటికీలోంచి రౌతియో ఉత్తరానికి పోవడం చూసింది. వర్క్‌షాపు కొట్లో ఉన్న తన కొత్త బండి ఎక్కి అతని బండి జాడనే పట్టుకుని వచ్చేసింది. వీపున రైఫిల్.

రౌతియో వాలు ఎక్కేశాడు. నడుంలోతు మంచుని చీల్చుకుంటూ బండి గర్జించింది. ఎనిమిది పౌండ్లు, కదలని ఎనిమిది. పైన ఏడో గుడిసె. పొగగొట్టంలోంచి పొగ రావడం లేదు. అంతలో తలుపు తెరుచుకుని, స్కీ కర్ర ఊతంగా ఒంటికాలి మీద ఒక మనిషి బయటికొచ్చాడు. ఇంజను చప్పుడు విని, తౌనో హిర్విసారి ఎండలో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు.

కింద వివేకా ఎక్కడానికి ప్రయత్నించలేదు. తన బండి ఆ వాలు ఎక్కలేదని ఆమెకి తెలుసు. ఆపి, సీటు మీద మోకాలు ఆన్చి రైఫిల్ ఎత్తింది. రెండు వందల మీటర్లు. గుడిసె ముందు నల్లకోటు మనిషి, వెనక తెల్లటి మంచు.

"పడుకో! తౌనో, పడుకో!" రౌతియో అరుపు ఇంజను మింగేసింది.

ఇక చేయగలిగింది ఒక్కటే. బండిని అడ్డంగా తిప్పి, గుడిసెకీ రైఫిల్‌కీ మధ్య ఎక్సిలరేటర్ చివరిదాకా తిప్పేశాడు. వెనక బెల్టు మంచుని ఎత్తి ఆకాశంలోకి విసిరింది. ముగ్గురు మనుషుల ఎత్తు తెల్లటి పొడి వాలు మొత్తాన్ని కప్పేసింది. ముల్లు ఎనిమిది, తొమ్మిది, తొమ్మిదిన్నర. పది ముట్టుకునేలోపు వదిలెయ్యాలి. వదిల్తే మంచు కిందపడుతుంది. వదల్లేదు.

తుపాకీ పేలింది.

అద్దం పగిలింది. అతని ఎడమ చేతికి రెండంగుళాల పక్కన డాష్‌బోర్డు మీద ఏదో పెఠిల్లున చిట్లింది. తర్వాత ఇంకో గుండు రాలేదు. పొడిమంచు సద్దుమణిగాక కిందికి చూస్తే కారణం తెలిసింది. తెల్లపొడిలో ఏమీ కనపడక, వేరే కోణం కోసం వివేకా బండి దిగి పక్కకి ఒక్క అడుగు వేసింది. పదకొండున్నర దాటింది. మంచు పైపొర మెత్తబడింది. కొండపాదాన పేరుకున్న మంచులో ఆ ఒక్క అడుగుకే చంకలదాకా దిగబడిపోయింది. రైఫిల్ ఎటు పోయిందో ఆమెకే తెలీదు.

"యాల్మరీ!" అని కేక వేసింది. "చెయ్యి అందించండి!"

"గార్డులొస్తున్నారు మేడమ్," అన్నాడతను పైనుంచి. "కదలకండి. కదిలినకొద్దీ దిగుతారు. చల్లబడ్డం మీకు అలవాటేగా!"

తౌనో గుమ్మంలో కూలబడి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. కానీ కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. రౌతియో అతని భుజాలు పట్టుకున్నాడు. వెచ్చగా ఉన్నాయి. బతికున్న మనిషి భుజాలు.

"ఎనిమిదిన్నర లోపే కబురు పంపాను కదా," అన్నాడు తౌనో పళ్ళు టకటకలాడుతుండగా. "నాలుగో కట్టె పదింటికే అయిపోయింది. తర్వాత కుర్చీ తగలబెట్టాను. ఆ తర్వాత బల్ల. మూడు గంటలు ఏం చేస్తున్నావయ్యా?"

"గేజ్ రిపేరు."

తౌనో అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "నేనిక్కడ చస్తుంటే గేజ్ రిపేరు చేసుకున్నావా?"

రౌతియో వివరించబోయాడు. అంత కథ చెప్పే ఓపిక లేక, ఫ్లాస్కు మూత తీసి కాఫీ అందించాడు. తౌనో రెండు గుక్కలు తాగాడు. తర్వాత, ఎవరూ అడక్కుండానే, ఏడు పేర్లూ చెప్పడం మొదలుపెట్టాడు. ఎనిమిదోది కూడా చెప్పాడు. అది ఒక ఆడమనిషి పేరు. రౌతియో వాలు కిందికి చూపుడువేలు చూపించాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకి వాళ్ళు వర్క్‌షాపు చేరేసరికి ఎల్లె-మారెట్ అప్పటికే ఇంట్లో ఉంది. దొడ్డిలో జాలర్లిద్దరూ గుండ్రంగా పదకొండు చుట్లు తిరిగి అలసిపోయాక గార్డులు గేటు వేశారని చెప్పింది. తౌనోని పొయ్యి పక్కన కూర్చోబెట్టి కాళ్ళకి జింకతోలు చుట్టింది. తర్వాత బయటికొచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. పగిలిన అద్దం చూసింది. డాష్‌బోర్డు మధ్యలో గేజ్ ఉన్నచోట వేలు పట్టేంత చిల్లు. చిట్లిన గాజు వెనకాల ముల్లు తొమ్మిదిన్నర దగ్గర వంగిపోయి ఇరుక్కుని ఉంది.

రౌతియో నోరు తెరిచాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపేసింది.

"నోర్ముయ్. పొద్దుట్నుంచీ కదలకుండా ఉండాలన్నావ్. ఉంది కదా!"